యూటీవీ మీద మడత మంచె: పందుల కాపలాకు ఎంత ఎత్తు పెట్టాలి, ఎలా నిలబెట్టాలి?

ఎర్రమట్టి (వేకో, టెక్సాస్)
అందరికీ నమస్కారం. మేము నలుగురు స్నేహితులం కలిసి మూడేళ్ల క్రితం వేకోకు తూర్పున డెబ్బై ఎకరాలు కొన్నాం. అందులో నలభై ఎకరాలు బెర్ముడా గడ్డి. కోయించి, గుండ్రటి కట్టలు కట్టించి పశువులున్న రైతులకు అమ్ముతాం. నిరుటి నుంచి అడవి పందులు విడవకుండా పడుతున్నాయి. సాయంత్రం చూసి వచ్చిన చేను తెల్లవారేసరికి అడ్డదిడ్డంగా నాగలి తోలినట్లు ఉంటోంది. పోయిన కోతలో ట్రాక్టరు ముందు చక్రం ఒక గుంతలో దిగబడి, వెనకున్న కోత యంత్రం నేలకు కొట్టుకుంది. మరమ్మతుకు అయిన ఖర్చు ఆ కోత మీద వచ్చిన డబ్బును మించిపోయింది.

చెట్టుకు కట్టే మంచె మాకు కుదరదు. ఉన్నవన్నీ వంకర తిరిగిన మెస్కీట్ చెట్లే, మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టాలు. ఒకచోట పాతే మంచె కట్టినా ఉపయోగం లేదు. ఈ వారం వాగు ఒడ్డున తవ్విన పందులు వచ్చే వారం పై గట్టున తవ్వుతాయి. అందుకే యూటీవీ (పొలాల్లో తిరిగే చిన్న నాలుగు చక్రాల బండి) మీద మడత మంచె అమర్చాలని ఉంది. బండి నడిచేటప్పుడు ముడుచుకుని ఉండాలి, ఆపాక లేవాలి. నా లెక్క ఇది: వెనక సామాను తొట్టిలో బిగింపు, రెండంగుళాల చదరపు ఉక్కు గొట్టం, 12 వోల్టుల వించితో (తీగ చుట్టి బరువు లాగే యంత్రం) లేపడం, పన్నెండు అడుగుల ఎత్తు, ఇద్దరు కూర్చునే పలక. బండి బరువు సుమారు 700 కిలోలు. వెల్డింగ్ రెండేళ్లుగా చేస్తున్నాను. ఇందులో తప్పులుంటే మొహమాటపడకుండా చెప్పండి.

నిప్పురవ్వ (హ్యూస్టన్)
పదిహేనేళ్లుగా ఫ్యాబ్రికేషన్ నా వృత్తి. ఒక్కొక్కటిగా చెబుతాను.

ఆ తొట్టి మట్టి ఒంపడానికి పైకి లేచే తొట్టి. దాన్ని కింద పట్టి ఉంచేది ఒక చిన్న కొక్కెం. మనుషులున్న మంచె బరువును ఆ కొక్కెం మీద పెట్టకండి. తొట్టి అడుగున ఉన్న చాసిస్ కడ్డీల దాకా ప్లేట్లు దించి, బోల్టులతో బిగించాలి. బండి బోల్తా పడితే తలను కాపాడే పైపుల పంజరానికి మాత్రం ఒక్క రంధ్రం కూడా వేయవద్దు, ఒక్క వెల్డు కూడా పెట్టవద్దు. అది ఎక్కడ వంగాలో, ఎంత వంగాలో ముందే లెక్కగట్టి చేసిన వస్తువు.

గొట్టం విషయంలో మీ ఎంపిక సరైనదే. 3 మిల్లీమీటర్ల గోడ ఉన్న రెండంగుళాల గొట్టం మీటరుకు నాలుగున్నర కిలోలు తూగుతుంది. బరువు తగ్గించాలని అల్యూమినియం వైపు వెళ్లేవాళ్లు ఒక సంగతి మరిచిపోతారు. 6061 రకానికి వెల్డు పెట్టినచోట చుట్టూ ఉన్న లోహం మెత్తబడి, బలంలో పెద్ద వాటా పోతుంది. తిరిగి హీట్ ట్రీట్‌మెంట్ చేసే వసతి మన షెడ్డుల్లో ఉండదు.

అన్నిటికంటే ముఖ్యమైనది వించి. వించి పని లేపడం వరకే. లేచాక బరువంతా అడ్డంగా దూర్చిన ఉక్కు పిన్నుల మీదే కూర్చోవాలి. తీగ వదులు చేసి చూడండి, మంచె వెంట్రుకవాసి కూడా దిగకూడదు. ఒక పాత గిరాకీదారు తీగ మీదే మంచెను నిలబెట్టి వాడుకున్నాడు. ఒకరోజు తీగ జారి మంచె మడుచుకుంది. పైన ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. విరిగిన మడత కీళ్లను నా దగ్గరికి తెచ్చాడు. వాటిని ఇప్పటికీ షెడ్డులో గోడకు తగిలించే ఉంచాను.

గురుత్వం (ఆస్టిన్)
నిప్పురవ్వ గారు ఉక్కు సంగతి చెప్పారు. నేను నిలకడ సంగతి చెబుతాను. పన్నెండు అడుగుల మాట చదవగానే కాగితం, కలం తీశాను.

ఖాళీ బండి 700 కిలోలు, దాని గురుత్వ కేంద్రం నేలకు 65 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకుందాం. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం 130 సెంటీమీటర్లు, అంటే మధ్య నుంచి ఒక్కో వైపు 65. ఈ లెక్కన బండి పక్కకు 45 డిగ్రీలు వాలితే గానీ బోల్తా పడదు. ఇప్పుడు మంచె ఉక్కు 110 కిలోలు, ఇద్దరు మనుషులు సామానుతో 180 కిలోలు కలపండి. పలక 3.6 మీటర్ల ఎత్తున ఉంటే కూర్చున్నవాళ్ల బరువు కేంద్రం దాదాపు 4.3 మీటర్ల దగ్గర ఉంటుంది. అన్నీ కలిపితే మొత్తం గురుత్వ కేంద్రం 65 సెంటీమీటర్ల నుంచి 151కి ఎగబాకుతుంది. బోల్తా కోణం 45 నుంచి 23 డిగ్రీలకు పడిపోతుంది.

ఇది బండి రాయిలా కదలకుండా ఉందనుకుని వేసిన లెక్క. నిజానికి కింద స్ప్రింగులున్నాయి, టైర్లలో గాలి ఉంది. ఒక మనిషి పలక చుట్టూ ఉన్న కంచె కడ్డీ మీద నుంచి పక్కకు వంగితే ఆ వైపు స్ప్రింగు కుంగుతుంది, కుంగిన కొద్దీ బరువు ఇంకా అటే జరుగుతుంది. నేల అప్పటికే ఎనిమిది డిగ్రీలు వాలుగా ఉంటే చేతిలో మిగిలేది చాలా తక్కువ.

పలకను 2.4 మీటర్లకు, అంటే ఎనిమిది అడుగులకు దించండి. కోణం 28 అవుతుంది. అదీ చాలదు. బండికి రెండు వైపులా బయటికి లాగే కాళ్లు పెట్టి, మధ్య నుంచి ఒక్కో వైపు 120 సెంటీమీటర్ల దూరంలో నేలకు ఆనించండి. అప్పుడు కోణం మళ్లీ 45కి దగ్గరగా వస్తుంది, అంటే ఖాళీ బండికి ఉన్న నిలకడ తిరిగి వచ్చినట్లు. అయితే కాళ్లు నేలను తాకితే సరిపోదు. బండి బరువును టైర్ల మీద నుంచి కొంత ఎత్తుకోవాలి.

గురికి కూడా ఇదే అవసరం. పక్కకు తిరిగి గురిపెట్టినప్పుడు ఒక వైపు చక్రం ఒక్క సెంటీమీటరు కుంగినా బండి దాదాపు 0.44 డిగ్రీలు వాలుతుంది. వంద మీటర్ల దూరాన అది 77 సెంటీమీటర్ల తేడా.

జొన్నచేను (డాలస్)
ఎనిమిదో తరగతి దాకా ప్రతి ఏడాదీ మా జొన్నచేలో మంచె మీద కాపలా కాశాను. నాలుగు తుమ్మ గుంజలు, మీద వెదురు తడిక, తాటాకు నీడ, చేతిలో వడిసెల. ఆ మంచె మా నాన్న నిలువెత్తుకు జానెడు ఎక్కువ ఉండేది, అంతే. ఇంకా ఎత్తు కట్టమని నేను గోల చేస్తే ఆయన అన్నారు: కంకుల పైనుంచి చేను చివర కనిపిస్తోందా, కనిపిస్తే చాలు.

ఎర్రమట్టి గారూ, మీ గడ్డి మోకాలి ఎత్తు కూడా ఉండదు. పన్నెండు అడుగులు ఎందుకు?

ఎర్రమట్టి
ఆ ప్రశ్నకు నా దగ్గర సరైన సమాధానం లేదండి. దక్షిణ టెక్సాస్‌లో పికప్ బండ్ల మీద అంత ఎత్తు మంచెలు చూసి ఆ అంకె పట్టుకున్నాను.

మెస్కీట్ నీడ (కింగ్స్‌విల్)
అలాంటి బండ్ల మీదే నా పని, కాబట్టి ఆ తేడా చెప్పాలి. శాన్ ఆంటోనియోకు దక్షిణాన అంతా ముళ్లపొద. మెస్కీట్, నాగజెముడు తలను మించి పెరుగుతాయి. పొద మధ్యలో తిన్నగా నరికిన బాటలను అక్కడ సెండెరో అంటారు. ఆ బాటల్లోకి, పొదల మీదుగా చూడాలి కాబట్టి ఎత్తు కావాలి. ఆ మంచెలను మోసేవి మూడు టన్నుల దాకా తూగే వెడల్పాటి పికప్ బండ్లు, నడిచేది బల్లపరుపు నేల మీద. మీ 700 కిలోల బండికీ వాటికీ పోలిక పెట్టకూడదు.

మా దగ్గర వేట బండ్లకు పెద్ద చరిత్రే ఉంది. 1853లో మొదలైన కింగ్ రాంచ్ కోసం జనరల్ మోటార్స్ 1949లో ప్రత్యేకంగా ఒక బ్యూయిక్ వేట కారు తయారు చేసి ఇచ్చింది. పేరు ఎల్ కినెన్యో. ఇక్కడి మ్యూజియంలో ఉంది, ఇటు వస్తే తప్పక చూడండి. దాని ముందు నిలబడితే నాకు ఒక గంట తెలియకుండానే గడిచిపోతుంది.

ఎత్తు వల్ల అసలైన లాభం వేరే ఉంది. పైనుంచి కాల్చిన తూటా నేలలోకి పోతుంది. నేల మీద మోకాలి మీద కూర్చుని, ఒక మీటరు ఎత్తు నుంచి, 80 మీటర్ల దూరాన అర మీటరు ఎత్తున్న పంది గుండెకు గురిపెట్టారనుకోండి. తూటా దాన్ని దాటిపోతే ఆ గీత నేలను తాకడానికి ఇంకో 80 మీటర్లు కావాలి. అదే తుపాకి మొన మూడున్నర మీటర్ల ఎత్తున ఉంటే పంది వెనక 13 మీటర్లలోనే నేలకు దిగుతుంది. ఎనిమిది అడుగుల పలక మీద కూర్చుంటే మీకు ఆ ఎత్తు వచ్చేస్తుంది. రైఫిల్ తూటాకు అడ్డం లేకపోతే మూడు నాలుగు కిలోమీటర్లు పోగలదు. చుట్టుపక్కల ఇళ్లున్న మీలాంటివాళ్లకు ఇదే అన్నిటికంటే పెద్ద కారణం.

కొత్తకొమ్మ (ఇర్వింగ్)
నేను హెచ్-1బి వీసా మీద ఉన్నాను. ఇలాంటి మంచె ఉన్న స్నేహితుడు పందుల కాపలాకు రమ్మంటున్నాడు. టెక్సాస్‌లో పందులకు లైసెన్సు అక్కర్లేదని చెప్పాడు. నిజమేనా? సెప్టెంబరులో గువ్వలకు కూడా ఆ మంచె వాడుకోవచ్చా?

నిబంధన (హ్యూస్టన్)
కొత్తకొమ్మ గారూ, వెళ్లే ముందు అడిగారు, చాలా మంచి పని చేశారు. మీ స్నేహితుడు చెప్పింది రాష్ట్ర చట్టం వరకు నిజం. 2019 సెప్టెంబరు 1 నుంచి ప్రైవేటు భూమిలో, యజమాని అనుమతితో అడవి పందులను వేటాడటానికి వేట లైసెన్సు అవసరం లేదు. వాటికి కాలపరిమితి లేదు, సంఖ్యా పరిమితి లేదు.

మీకు అడ్డొచ్చేది సమాఖ్య చట్టం. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 వంటి నాన్ ఇమ్మిగ్రెంట్ (తాత్కాలిక) వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకి దగ్గర ఉంచుకోవడమే ఆ చట్టం ప్రకారం నేరం. కొన్నదైనా, అరువు తెచ్చుకున్నదైనా తేడా లేదు. దానికి ఉన్న మినహాయింపుల్లో ఒకటి, అమెరికాలో చట్టబద్ధంగా పొందిన వేట లైసెన్సు. అంటే పంది కోసం రాష్ట్రం అడగని లైసెన్సు, తుపాకి ముట్టుకోవడానికి మీకు తప్పనిసరి. టెక్సాస్‌లో ఆరు నెలలకు పైగా వరుసగా నివసించినవారికి ఆ లైసెన్సు 25 డాలర్లు. ఆగస్టు 31తో గడువు ముగుస్తుంది, ఆ తేదీ దాటితే మీ మినహాయింపూ పోతుంది. 25 డాలర్ల కాగితం లేక వీసా, ఉద్యోగం, ఇంతకాలం కట్టుకున్న జీవితం ప్రమాదంలో పడటం నేను చూడలేను. తుపాకి చేత పట్టే ముందు ఒక వలస న్యాయవాదితో మాట్లాడండి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ చిక్కు లేదు.

ఇక బండి సంగతి. టెక్సాస్‌లో ప్రైవేటు భూమి హద్దుల్లో బండి మీద నుంచి పందులను, జింకలను వేటాడవచ్చు. ప్రభుత్వ రోడ్డు మీద నుంచి గానీ, రోడ్డు మీద లేదా దాని హద్దు స్థలంలో ఉన్న జంతువును గానీ వేటాడకూడదు. గువ్వలు వలస పక్షులు, వాటికి సమాఖ్య నియమం వర్తిస్తుంది. బండి మీద నుంచి వాటిని కాల్చకూడదు. కాలు కోల్పోయినవారికి, రెండు కాళ్లూ చచ్చుబడినవారికి మాత్రం ఆగి ఉన్న బండి మీద నుంచి అనుమతి ఉంది. కాబట్టి గువ్వలకు మంచె దిగి నేల మీద నిలబడాల్సిందే. ఇతర రాష్ట్రాల్లో ఉన్నవారు దీన్ని తమకు అన్వయించుకోవద్దు. చాలాచోట్ల బండిలో నింపిన తుపాకి ఉండటమే తప్పు.

మన ఊళ్లలో ఉన్నవారు కూడా ఇది చదువుతుంటారు. భారతదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నిషేధం. పంట పాడుచేసే పందినైనా అధికారి రాతపూర్వక అనుమతి లేకుండా చంపకూడదు.

పచ్చికబయలు (కాలేజ్ స్టేషన్)
ఒక మాట ఎవరూ అనలేదు. టెక్సాస్‌లో అడవి పందులు 26 లక్షల దాకా ఉంటాయని అంచనా. పెరగకుండా ఆపాలంటేనే ఏటా మూడింట రెండు వంతులను తీసేయాలని విశ్వవిద్యాలయ విస్తరణ విభాగం ఏళ్లుగా చెబుతోంది. 2011 నుంచి హెలికాప్టర్ల మీద నుంచి డబ్బు కట్టి కాల్చడానికి, 2017 నుంచి వేడిగాలి బెలూన్ల మీద నుంచి కాల్చడానికి కూడా చట్టం ఒప్పుకుంది. అయినా పందులు తగ్గలేదు. ఆడపంది గర్భం సుమారు 115 రోజులే. మంచె మీద నుంచి రెండు కాలిస్తే మిగిలిన పదిహేను పారిపోయి, మరుసటి వారం తెలివిమీరి వస్తాయి. గుంపు మొత్తాన్ని ఒకేసారి పట్టే కంచె ఉచ్చు ముందు పెట్టండి. గుంపంతా లోపలికి రావడం అలవాటయ్యేదాకా తలుపు వేయకండి. పంట కాపాడటమే మీ లక్ష్యమైతే మంచెది రెండో స్థానం.

ఎర్రమట్టి
ఒప్పుకుంటున్నాను. ఉచ్చు ముందు, మంచె తర్వాత. ఉచ్చుకు లొంగని ముదురు పందుల కోసం, అవి ఎటు నుంచి వస్తున్నాయో రాత్రిపూట చూడటం కోసం మంచె. ఎత్తు ఎనిమిది అడుగులు. కాళ్లు నాలుగు. గీసుకున్న బొమ్మంతా చెరిపేసి మళ్లీ మొదలుపెడుతున్నాను.

తెల్లవారుజాము (ఫోర్ట్ వర్త్)
అన్నయ్య గారూ, నేను ఎమర్జెన్సీ విభాగంలో నర్సును. నవంబరు వస్తే మా దగ్గరికి మంచె మీద నుంచి పడినవాళ్లు వస్తారు. వెన్నుపూస, మడమ, మణికట్టు. ఎనిమిది అడుగులు చిన్న ఎత్తు కాదు. చాలామంది పైన కూర్చుని పడరు, ఎక్కేటప్పుడో దిగేటప్పుడో పడతారు. నిద్రమత్తు, చీకటి, మంచుకు తడిసిన మెట్టు, ఒక చేతిలో తుపాకి.

దయచేసి ఇవి చేయండి. ఒంటినిండా కట్టుకునే హార్నెస్ కొనండి, నడుముకు మాత్రమే కట్టే పట్టీ వద్దు. నేల మీద ఉండగానే తాడుకు తగిలించుకోవాలి, తిరిగి నేల మీద కాలు పెట్టాకే విప్పాలి. తాడు పొట్టిగా, తల కంటే పైన కట్టి ఉండాలి. పడితే అందులో కదలకుండా వేలాడటం కూడా ప్రాణాపాయమే. కాళ్లలో రక్తం నిలిచిపోతుంది. కాలు పెట్టి నిలబడటానికి ఒక ఉచ్చుతాడు జేబులో ఉంచుకోండి. తుపాకిని ఖాళీ చేసి, వేరే తాడుతో లాగండి. నిచ్చెన మీద రెండు చేతులూ నిచ్చెనవే.

ఫోను మీ జేబులో ఉండాలి, సంచిలో కాదు. ఎక్కడున్నారో ఇంట్లో చెప్పి వెళ్లండి.

నిప్పురవ్వ
హార్నెస్ తాడు కట్టే స్తంభాన్ని కంచె కడ్డీకి అతికించకండి, కింది చట్రం దాకా దించండి. ఇంకొకటి, చప్పుడు. గొట్టంలో గొట్టం జారేచోట నైలాన్ పలకలు వేయండి, లేకపోతే ఇనుము కీచుమంటుంది. పలక మీద పాత రబ్బరు చాప పరచండి.

ఎర్రమట్టి (ఏడు వారాల తర్వాత)
మంచె లేచింది. ఈ చర్చలో మాట్లాడిన ప్రతి ఒక్కరి చెయ్యీ దీని మీద ఉంది.

పలక ఎత్తు 2.4 మీటర్లు, ముడుచుకుంటే తొట్టి కంటే రెండు జానలు పైకి ఉంటుంది. లేచాక ఎనిమిది పిన్నులు, ఒక్కోదానికి ఎర్ర రిబ్బను. ఎనిమిది రిబ్బన్లూ కనిపిస్తేనే నిచ్చెన ఎక్కుతాం. మనుషులు ఎక్కకముందు 36 కిలోల కాంక్రీటు బస్తాలు పది ఎక్కించి ఒక రాత్రంతా వదిలేశాను. మా ఇద్దరి బరువుకు అది రెండింతలు. వెల్డులు నిలిచాయి. కానీ పొద్దున్నే చూస్తే బుడగమట్టం ఒక పక్కకు పోయింది. వాగు వైపు కాలు నేలలోకి నాలుగు వేళ్ల లోతు దిగింది.

ఇక్కడి నేల నల్లరేగడి. ఎండితే చెయ్యి దూరేంత బీటలు, తడిస్తే వెన్న. మన దక్కను రేగడికి తోబుట్టువు లాంటిదే, తెలిసి కూడా మరిచాను. నా కాళ్ల అడుగున ఉన్న ప్లేట్లు 15 సెంటీమీటర్ల చదరాలు. ఒక కాలి మీద 400 కిలోలు పడితే చదరపు సెంటీమీటరుకు 1.8 కిలోల ఒత్తిడి. 45 సెంటీమీటర్ల చదరపు దళసరి ప్లైవుడ్ ముక్కలు వేశాక అది 0.2కి తగ్గింది. బస్తాలతో మళ్లీ ఒక రాత్రి ఉంచాను, బుడగ కదలలేదు. రేగడి నేలలున్నవారు ఈ ఒక్కటి తప్పక గుర్తుపెట్టుకోండి. వాన పడిన మూడు రోజుల దాకా మేము మంచె లేపం.

మొన్న శుక్రవారం మొదటి రాత్రి. నేనూ, గ్రీన్ కార్డు ఉన్న మా స్నేహితుడూ ఎక్కాం. పదకొండు దాటాక థర్మల్ స్కోపులో (ఒంటి వేడిని బట్టి చీకట్లో చూపేది) వాగు వైపు నుంచి తొమ్మిది తెల్లటి ఆకారాలు. ముందు పెద్ద ఆడపంది, వెనక పిల్లలు. అరవై మీటర్ల దాకా వచ్చాయి. వాటి వెనక, చాలా దూరంలో, పక్క పొలం వాళ్ల వరండా దీపం. ఎత్తు నుంచి తూటా నేలలోకే పోతుందని లెక్క తెలుసు. అయినా వేలు ట్రిగ్గరు మీదికి పోలేదు. ఇరవై నిమిషాలు అలాగే చూస్తూ కూర్చున్నాం. అవి గట్టు వైపు తిరిగాయి, దీపం పక్కకు తప్పింది. అప్పుడు కాల్చాం. రెండు పడ్డాయి. పచ్చికబయలు గారు చెప్పినట్లే మిగిలినవి మాయమయ్యాయి. కానీ ఎటు పోయాయో పైనుంచి స్పష్టంగా చూశాం, మెస్కీట్ గుబురు పక్కన కంచె కింద ఒక సందు. రేపు ఉచ్చును అక్కడికి మారుస్తున్నాం.

పచ్చికబయలు
ఆ సందు దగ్గరే పెట్టండి, తలుపు తెరిచే ఉంచి వారం రోజులు మొక్కజొన్న మాత్రం వేయండి. పందులను ముట్టుకునేటప్పుడు చేతి తొడుగులు వేసుకున్నారా? వాటి రక్తం నుంచి మనుషులకు బ్రుసెల్లోసిస్ అనే జబ్బు సోకుతుంది.

ఎర్రమట్టి
రెండు జతల తొడుగులు, కళ్లద్దాలు కూడా. చెల్లెమ్మ తెల్లవారుజాము గారికి భయపడి.

కొత్తకొమ్మ
లైసెన్సు తీసుకున్నాను. న్యాయవాదితో కూడా మాట్లాడాను. ముందు హంటర్ ఎడ్యుకేషన్ తరగతి పూర్తి చేసి, ఆ తర్వాతే వస్తానని స్నేహితుడికి చెప్పాను.

జొన్నచేను
ఎర్రమట్టి గారూ, రాత్రి మంచె దిగేటప్పుడు ముందు ఎవరు దిగారు?

ఎర్రమట్టి
ముందు తుపాకులు, ఖాళీ చేసి, తాడుతో. తర్వాత మా స్నేహితుడు. అతను కింద నిలబడి నిచ్చెన మీదికి దీపం పట్టాక నేను దిగాను. నేల మీద రెండు కాళ్లూ పెట్టాకే తాడు విప్పాను.

జొన్నచేను
సంక్రాంతి తర్వాత శనివారం వస్తాను. నాకు పైన ఒక చోటు ఉంచండి, తుపాకి అక్కర్లేదు.